బుల్లెట్ 500కి పర్ఫార్మెన్స్ కామ్స్ ఇంట్లోనే వేయడం: పానా కంటే ముందు కొలత

బైకుల గురించి మాట్లాడిన ప్రతిసారీ నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే. "అన్నా, బుల్లెట్‌కి కామ్ మారిస్తే పికప్ ఎంత పెరుగుద్ది? ఇంట్లో వేసుకోవచ్చా, షెడ్డుకే ఇవ్వాలా?" ఇవాళ ఆ రెండు ప్రశ్నల మీదే మాట్లాడుకుందాం. ఇంట్లో వేసుకోవచ్చు. మా తమ్ముడి బండికి మేమిద్దరం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు ఆదివారాలు కూర్చుని వేశాం. అందులో మొదటి ఆదివారం మొత్తం కొలతలకే పోయింది. పాత కామ్ తీసి కొత్తది పెట్టడం పెద్ద పనేం కాదు. కొత్త కామ్ తెరిచే వాల్వ్ పోయి పిస్టన్‌కి తగులుతుందా లేదా అని తేల్చుకోవడమే అసలు పని. తగిలితే ఏమవుతుందో తెలుసు కదా, వాల్వ్ వంగుతుంది, పిస్టన్‌కి తూటు పడుతుంది, కొన్నిసార్లు హెడ్ కూడా పోతుంది. పదిహేను వేలతో అవుతుందనుకున్న పని యాభై వేల పని అయి కూర్చుంటుంది.

బండి ఏంటంటే, క్లాసిక్ 500. రాయల్ ఎన్‌ఫీల్డ్‌లో యూసీఈ అంటారు కదా, యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజిన్, అదే. 499 సీసీ, 84 ఎంఎం బోర్, 90 ఎంఎం స్ట్రోక్. మన దగ్గర ఈ 500లు అమ్మడం 2020లో ఆపేశారు. 2020 చివర్లో మీటియోర్‌తో వచ్చిన కొత్త 350 ఇంజిన్ వేరు, దాంట్లో కామ్ పైన హెడ్‌లోనే ఉంటుంది, చైన్ తిప్పుతుంది. అది ఉన్నవాళ్లు ఈ ఎపిసోడ్‌లో థియరీ తీసుకోండి, విప్పే పద్ధతి మాత్రం మీకు పనికిరాదు. పాత యూసీఈలో రెండు కామ్స్ ఉంటాయి, ఒకటి ఇన్‌టేక్‌కి, ఒకటి ఎగ్జాస్ట్‌కి. అవి కింద, కుడివైపు కవర్ వెనకాల ఉంటాయి. వాటి మీద హైడ్రాలిక్ ట్యాపెట్లు, వాటి మీద పుష్ రాడ్లు, పైన రాకర్లు, అక్కడి నుంచి వాల్వులు. అంటే హెడ్ విప్పకుండానే కామ్స్ బయటికి తీయొచ్చు. ఇంట్లో చేసేవాడికి ఇదే పెద్ద వరం.

కామ్ ఏం చేస్తుందో ముందు చూద్దాం. నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి నాకు ఇలా అర్థమైంది. కామ్ అంటే స్టీల్‌లో రాసిన టైమ్‌టేబుల్. ఏ వాల్వ్ ఎప్పుడు తెరవాలి, ఎంత లోతుకి తెరవాలి, ఎప్పుడు మూయాలి, అంతా ఆ గుడ్డు ఆకారంలోనే ఉంది. ఫ్యాక్టరీలో గ్రైండ్ చేశాక దానికి అప్‌డేట్ ఉండదు. ఐడిలింగ్‌లో కూడా అదే టైమ్‌టేబుల్, ఫుల్ థ్రాటిల్‌లో కూడా అదే. మొత్తం తంటా ఇక్కడే ఉంది.

ఒక లెక్క చూడండి. 6000 ఆర్పీఎం అంటే క్రాంక్ ఒక చుట్టు తిరగడానికి 10 మిల్లీసెకన్లు. పిస్టన్ పై నుంచి కిందికి రావడానికి 5 మిల్లీసెకన్లు. ఆ 5 మిల్లీసెకన్లలో అర లీటరు సిలిండర్ గాలితో నిండాలి. ఐడిలింగ్‌లో, 1000 ఆర్పీఎం అనుకోండి, అదే పనికి 30 మిల్లీసెకన్లు దొరుకుతాయి. గాలికి బరువుంది, దాన్ని కదిలించడానికి టైమ్ పడుతుంది, ఒకసారి కదిలాక వెంటనే ఆగదు. బస్సు తలుపు దగ్గర జనం లాగా అనుకోండి. తలుపు తీయగానే మొదటివాడు కదలడానికి ఒక క్షణం పడుతుంది, తోపులాట మొదలయ్యాక మాత్రం డ్రైవర్ బస్సు కదిలించినా ఇంకో ఇద్దరు ఎక్కేస్తారు. అందుకే ఇన్‌టేక్ వాల్వ్‌ని పిస్టన్ పైకి చేరకముందే తెరవడం మొదలుపెడతారు, పిస్టన్ కిందికి చేరి తిరిగి పైకి వస్తున్నా కాసేపు మూయరు. స్పీడులో ఉన్నప్పుడు ఆ చివరి కాసేపట్లో కూడా గాలి లోపలికి వస్తూనే ఉంటుంది.

ఇప్పుడు కామ్ కాగితం మీద ఉండే అంకెలు. ఉదాహరణకి ఒక కామ్ ఇన్‌టేక్‌ని టాప్ డెడ్ సెంటర్‌కి 25 డిగ్రీల ముందు తెరిచి, బాటమ్ డెడ్ సెంటర్ దాటిన 65 డిగ్రీలకి మూస్తుంది అనుకుందాం. 25, 180, 65 కలిపితే 270. దాన్నే డ్యూరేషన్ అంటారు. ఎగ్జాస్ట్ దీనికి అద్దంలో బొమ్మలాగా ఉంటే, అది టాప్ దాటిన 25 డిగ్రీలకి మూసుకుంటుంది. అంటే టాప్ దగ్గర 50 డిగ్రీల పాటు రెండు వాల్వులూ కొంచెం కొంచెం తెరిచే ఉంటాయి. అది ఓవర్‌ల్యాప్. వాల్వ్ ఎంత లోతుకి దిగుతుందో అది లిఫ్ట్. ఒక జాగ్రత్త, డ్యూరేషన్‌ని ఒక్కొక్కరు ఒక్కోలా కొలుస్తారు. ఒకరు వాల్వ్ కదలడం మొదలైన చోటి నుంచి, ఇంకొకరు 1 ఎంఎం లేచాక. ఒకే కామ్‌కి రెండు అంకెలు వస్తాయి. అందుకే రెండు కంపెనీల కామ్స్‌ని డ్యూరేషన్ అంకె ఒక్కటే చూసి పోల్చకండి, ఏ లిఫ్ట్ దగ్గర కొలిచారో అడగండి.

పర్ఫార్మెన్స్ కామ్ అంటే డ్యూరేషన్ ఎక్కువ, లిఫ్ట్ ఎక్కువ, ఓవర్‌ల్యాప్ ఎక్కువ. పైన ఆర్పీఎంలో సిలిండర్ బాగా నిండుతుంది. మరి కింద? కింద ఆర్పీఎంలో గాలికి ఆ తోపులాట ఉండదు. వాల్వ్ లేటుగా మూసుకునేసరికి, లోపలికి వచ్చిన గాలినే పిస్టన్ మళ్లీ ఇన్‌టేక్ పైపులోకి తోసేస్తుంది. ఓవర్‌ల్యాప్‌లో కాలిన పొగ కూడా వెనక్కి కలుస్తుంది. ఫలితంగా ఐడిలింగ్ కుంటుతుంది, 2000 ఆర్పీఎం దగ్గర బండి నీరసపడుతుంది.

కాబట్టి "ఎంత పెరుగుద్ది" అని అడిగేవాళ్లకి నేను చెప్పేది, ముందు ఎక్కడ పెరగాలో చెప్పండి అని. మీకు ఇంకో లెక్క చూపిస్తా, దీనికి డైనో కూడా అక్కర్లేదు, కంపెనీ బ్రోచర్ చాలు. క్లాసిక్ 500కి 4000 ఆర్పీఎం దగ్గర 41.3 న్యూటన్ మీటర్ల టార్క్, 5250 దగ్గర 27.2 హార్స్ పవర్. టార్క్‌ని ఆర్పీఎంతో గుణించి 7121తో భాగిస్తే హార్స్ పవర్ వస్తుంది. తిప్పి లెక్కేస్తే, 5250 దగ్గర ఈ ఇంజిన్ టార్క్ సుమారు 37. అంటే 4000 నుంచి 5250కి వెళ్లేసరికి 41 నుంచి 37కి పడిపోయింది, ఇంజిన్‌కి ఊపిరి అందట్లేదు. ఇప్పుడు ఒక కామ్ ఆ 41.3ని 5250 దాకా పడిపోకుండా నిలబెట్టింది అనుకోండి. పవర్ 30.4 అవుతుంది. టార్క్ ఒక్క పాయింట్ కూడా పెరగలేదు, మూడు హార్స్ పవర్ వచ్చింది. కామ్ కొత్తగా బలాన్ని పుట్టించదు, ఉన్న బలాన్ని ఎక్కడ పెట్టాలో మారుస్తుంది.

అదే లెక్క పాత క్లాసిక్ 350కి వేయండి. 28 న్యూటన్ మీటర్లు 4000 దగ్గర, 19.8 హార్స్ పవర్ 5250 దగ్గర. వెనక్కి లెక్కేస్తే 5250 దగ్గర టార్క్ దాదాపు 27. అసలు పడిందే ఒక పాయింట్. మరి కామ్ అక్కడ నిలబెట్టడానికి ఏముంది? ఇంకా పైకి, 5500, 6000 దాకా లాగితేనే లాభం. 350 ఉన్న తమ్ముళ్లు చాలామంది ఈ విషయం తెలియకుండానే డబ్బు దాస్తున్నారు, అందుకే చెప్తున్నా.

ఇంకా పైకి లాగొచ్చు కదా అంటారా? 90 ఎంఎం స్ట్రోక్ గుర్తుపెట్టుకోండి. 6000 ఆర్పీఎంలో ఈ పిస్టన్ సగటు వేగం సెకనుకి 18 మీటర్లు. పాత తరం కేటీఎం డ్యూక్ 390 స్ట్రోక్ 60 ఎంఎం, అది 9000 ఆర్పీఎంలో తిరిగితే అదే 18 మీటర్లు. అంటే మన బుల్లెట్ 6000 దగ్గరే డ్యూక్ 9000 దగ్గర పడేంత కష్టం పడుతోంది, అది కూడా బరువైన పిస్టన్‌తో, గాలితో చల్లబడే సిలిండర్‌తో. పైగా ఈఎఫ్ఐ బండికి రెవ్ లిమిటర్ ఫ్యాక్టరీ పెట్టినచోటే ఉంటుంది. మీ కామ్ బలమంతా ఆ లిమిటర్ అవతల ఉంటే, మీరు కొన్నది షోకేస్‌లో పెట్టుకోవడానికే.

మా తమ్ముడి సంగతి ఇక్కడ చెప్పాలి. వాడు రోజూ కూకట్‌పల్లి నుంచి పటాన్‌చెరుకి ఇదే బండి మీద పోతాడు. మియాపూర్, చందానగర్, బీహెచ్ఈఎల్, అన్నీ సిగ్నళ్లే. ఏడాదికి ఒకటి రెండుసార్లు మరదల్ని వెనక కూర్చోబెట్టుకుని, బ్యాగులు కట్టుకుని శ్రీశైలం. ఘాట్‌లో సెకండ్ గేర్‌లో, మలుపు తిరిగాక 2000, 2500 దగ్గర లాగే బలమే వాడికి కావాలి. వాడికి ఏమో వీడియోల్లో చూసిన పెద్ద కామ్ మీద మనసు, స్టాక్ కంటే బాగా ఎక్కువ డ్యూరేషన్ ఉన్నది. "అన్నా, వేస్తే పెద్దదే వేద్దాం, మళ్లీ మళ్లీ విప్పుతామా" అన్నాడు. వాడి డబ్బు, వాడి బండి, నేను వద్దు అనలేదు. వాడు ఒక వారం ఏ ఆర్పీఎంలో నడుపుతున్నాడో చూసుకోమన్నాను. వారం తర్వాత వాడే వచ్చి, "నేను 4500 దాటించింది రెండేసార్లు" అన్నాడు. లిఫ్ట్ కొంచెం ఎక్కువ, డ్యూరేషన్ దాదాపు స్టాక్‌కి దగ్గరగా ఉన్న చిన్న కామ్ తీసుకున్నాం.

కొనేటప్పుడు రెండు దారులు. ఒకటి, కొత్తగా తయారైన కామ్ సెట్. ఈ బండ్లు విదేశాలకి కూడా బాగా వెళ్లాయి కాబట్టి ఇంగ్లండ్‌లో హిచ్‌కాక్స్ లాంటి బుల్లెట్ దుకాణాల్లో దొరుకుతాయి, మన దగ్గరికి వచ్చేసరికి షిప్పింగ్, కస్టమ్స్ కలుస్తాయి. రెండోది, మీ స్టాక్ కామ్‌నే లేత్ షాపులో గ్రైండ్ చేయించడం. చవక. కానీ గ్రైండింగ్‌లో లోహం తీయగలరు కానీ కలపలేరు. లిఫ్ట్ పెంచాలంటే గుడ్డు ముక్కుని వదిలేసి వీపు వైపు అరగదీస్తారు. దాంతో రెండు సమస్యలు. పైన గట్టిపరిచిన పొర పలచబడుతుంది లేదా పూర్తిగా పోతుంది, కొన్ని వేల కిలోమీటర్లకే లోబ్ తినేస్తుంది. రెండు, వీపు తగ్గింది కాబట్టి ట్యాపెట్ కిందికి కూర్చుంటుంది, ఆ తేడా హైడ్రాలిక్ ట్యాపెట్ సర్దుకోగలిగినంత లేకపోతే పొడవైన పుష్ రాడ్లు కావాలి. గ్రైండ్ చేసేవాడు ఈ రెండూ మీకు ముందే చెప్తే సరే, అడిగినా చెప్పకపోతే ఆ కామ్ నేనైతే వేయను.

ఇంకోటి చాలామంది చూడనిది. యూసీఈ ఎగ్జాస్ట్ కామ్ మీద ఆటో డీకంప్రెసర్ ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం ఎగ్జాస్ట్ వాల్వ్‌ని రవ్వంత లేపి ఉంచుతుంది, ఇంజిన్ అందుకున్నాక తప్పుకుంటుంది. కొత్త కామ్‌లో అది ఉందా, లేక పాతదాన్నుంచి మార్చుకోవాలా చూసుకోండి. అది లేకుండా సెల్ఫ్ కొడుతూ పోతే ఆ బరువంతా స్టార్టర్ మోటార్ మీద, స్ప్రాగ్ క్లచ్ మీద పడుతుంది. కిక్ కొట్టేవాళ్లకి కాలే చెప్తుంది.

చట్టం గురించి కూడా చెప్పేస్తా. మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 52 బండిని కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల ఫైన్, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. కామ్ బయటికి కనపడదు కదా అని ఎవరైనా అంటారు. పొల్యూషన్ టెస్ట్ ఐడిలింగ్‌లో చేస్తారు, ఓవర్‌ల్యాప్ పెద్దదైతే కాలని పెట్రోల్ ఐడిలింగ్‌లోనే బయటికి పోతుంది, మీటర్‌లో కనపడుతుంది. వారంటీ ఉన్న బండి అయితే వారంటీ మర్చిపోండి. ఇవన్నీ తెలిసి చేసుకునే నిర్ణయం ఇది.

సరే, పనిలోకి. బండి సెంటర్ స్టాండ్ మీద, ఇంజిన్ చల్లగా ఉండాలి. బ్యాటరీ వైరు తీసేయండి, ఆయిల్ దింపేయండి, ప్లగ్ విప్పేయండి. ట్యాంక్ తీయాలి, రాకర్ కవర్ కోసం. కుడివైపు సైలెన్సర్ పైపు, ఫుట్‌రెస్ట్, బ్రేక్ పెడల్, ఏది అడ్డం వస్తే అది. కవర్ బోల్టులు అన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఏ బోల్ట్ ఎక్కడిదో అక్కడే గుచ్చండి. పొట్టి బోల్ట్ చోట పొడుగుది పెట్టి బిగిస్తే లోపల అల్యూమినియం కేసు పగులుతుంది.

కవర్ తీయకముందే నిజమైన టాప్ డెడ్ సెంటర్ కనుక్కోవాలి. షెడ్డుల్లో ప్లగ్ రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి, అది పైకి లేవడం ఆగిన చోటు టాప్ అంటారు. ట్యాపెట్ చూసుకోవడానికి అది చాలు. కామ్‌కి చాలదు. ఈ ఇంజిన్‌లో టాప్‌కి అటూ ఇటూ 5 డిగ్రీలు తిప్పినా పిస్టన్ కదిలేది 0.2 ఎంఎం అంతే. స్క్రూడ్రైవర్‌కి అది తెలియదు. మేం చేసింది ఇది. పాత ప్లగ్ లోపలి పింగాణీ పగలగొట్టి, ఆ గుల్లలో ఒక బోల్ట్ బిగించాం, బోల్ట్ మూతి నున్నగా గుండ్రం చేసి. అది పిస్టన్ స్టాప్. క్రాంక్ మీద డిగ్రీ వీల్, అదేం పెద్ద వస్తువు కాదు, ప్రింట్ తీసి అట్టకి అంటించిన 360 డిగ్రీల చక్రం, పక్కన వంచిన తీగ ముల్లు. స్టాప్ బిగించి క్రాంక్‌ని చేత్తో ఒకవైపు మెల్లగా తిప్పితే పిస్టన్ బోల్ట్‌కి తగిలి ఆగుతుంది, రీడింగ్ రాసుకోండి. రెండోవైపు తిప్పండి, మళ్లీ ఆగుతుంది, రాసుకోండి. మాకు ఒకవైపు 41, ఇంకోవైపు 37 వచ్చింది. అంటే చక్రం 2 డిగ్రీలు పక్కకి ఉంది. అది సర్ది రెండువైపులా 39 వచ్చాక సున్నానే నిజమైన టాప్. స్టాప్ తీసేయడం మర్చిపోకండి, సెల్ఫ్ మోటార్‌తో మాత్రం దీన్ని ఎప్పుడూ తిప్పకండి.

ఇప్పుడు అసలు కొలత, వాల్వ్‌కీ పిస్టన్‌కీ మధ్య ఖాళీ. మామూలుగా హెడ్ విప్పి పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే క్లే పెట్టి, మళ్లీ హెడ్ బిగించి ఇంజిన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, నొక్కుకున్న క్లేని కోసి మందం చూస్తారు. కానీ హైడ్రాలిక్ ట్యాపెట్‌తో ఇందులో ఒక మోసం ఉంది. చేత్తో మెల్లగా తిప్పినప్పుడు ట్యాపెట్‌లో ఆయిల్ ప్రెజర్ ఉండదు, స్ప్రింగ్ బలానికి ట్యాపెట్ లోపలికి అణిగిపోతుంది, వాల్వ్ నిజంగా దిగాల్సినంత దిగదు. క్లే మందంగా కనపడుతుంది, మీరు హమ్మయ్య అనుకుంటారు. ఇంజిన్ స్టార్ట్ అయ్యి ప్రెజర్ వచ్చాక వాల్వ్ ఇంకా లోతుకి దిగుతుంది.

అందుకని మేం ట్యాపెట్‌ని లెక్కలోంచే తీసేశాం. రెండు కొలతలు విడివిడిగా తీసుకున్నాం. మొదటిది, పుష్ రాడ్ లేకుండా, వాల్వ్ పూర్తిగా మూసుకుని ఉన్నప్పుడు, పిస్టన్‌కి తగిలేదాకా ఎంత దిగగలదు. దీనికి వాల్వ్ స్ప్రింగ్ తీసి పెన్ను స్ప్రింగ్‌లాంటి మెత్తటిది పెట్టాలి. హెడ్ విప్పకుండా స్ప్రింగ్ తీస్తే వాల్వ్ లోపల పడిపోదా? పడదు, దానికి ఒక పాత చిట్కా ఉంది. పిస్టన్‌ని కొంచెం కిందికి దింపి, ప్లగ్ రంధ్రంలోంచి శుభ్రమైన నూలు తాడు లోపలికి కూర్చండి, కొస బయటే ఉంచండి. పిస్టన్‌ని మెల్లగా పైకి తెస్తే ఆ తాడు ఉండ వాల్వులని కింద నుంచి పట్టుకుంటుంది. స్ప్రింగ్ నొక్కి, చిన్న లాక్‌లని అయస్కాంతంతో తీసేయొచ్చు. పుష్ రాడ్ దారిలో గుడ్డ కుక్కి ఉంచండి, లాక్ జారి అందులో పడితే ఆ ఆదివారం అయిపోయినట్టే. మెత్తటి స్ప్రింగ్ పెట్టి, వాల్వ్‌ని లాక్‌లతో పట్టించాక తాడు బయటికి లాగేయండి.

ఇప్పుడు వాల్వ్ తలమీద డయల్ గేజ్ పెట్టి, క్రాంక్‌ని టాప్‌కి 20 డిగ్రీల ముందు నుంచి 20 డిగ్రీల తర్వాత దాకా, 5 డిగ్రీలకి ఒకసారి ఆపుతూ, వేలితో వాల్వ్‌ని నొక్కి పిస్టన్‌కి తగిలేదాకా ఎంత దిగిందో రాసుకోవాలి. ఇది మీకున్న ఖాళీ.

రెండో కొలత, కొత్త కామ్ అదే డిగ్రీల దగ్గర వాల్వ్‌ని ఎంత దింపుతుంది. కామ్ పెట్టి, గుర్తులు కలిపి, ట్యాపెట్ బయటి బాడీ ఎంత లేచిందో డయల్ గేజ్‌తో చూడండి. బాడీ కామ్‌ని అంటుకునే ఉంటుంది కాబట్టి లోపల ఆయిల్ ఉన్నా లేకపోయినా ఇది మారదు. దాన్ని రాకర్ నిష్పత్తితో గుణిస్తే వాల్వ్ దిగేది వస్తుంది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేయండి. ఉదాహరణకి టాప్ దాటిన 10 డిగ్రీల దగ్గర ఖాళీ 6.2 ఎంఎం, ఇన్‌టేక్ వాల్వ్ దిగేది 3.6 అనుకోండి, మిగిలింది 2.6. ఫోన్‌లో గూగుల్ షీట్స్ తెరిచి మూడు కాలమ్స్ వేసుకుంటే అయిపోయింది.

ఎంత ఉండాలి? ఇంజిన్ కట్టేవాళ్లు మామూలుగా పాటించే లెక్క, ఇన్‌టేక్‌కి కనీసం 2 ఎంఎం, ఎగ్జాస్ట్‌కి కనీసం 2.5. ఇన్‌టేక్‌కి ఇరుకైన చోటు టాప్ దాటిన 10 డిగ్రీల చుట్టుపక్కల, ఎగ్జాస్ట్‌కి టాప్‌కి ముందు 10 డిగ్రీల చుట్టుపక్కల. ఎగ్జాస్ట్‌కి ఎక్కువ ఎందుకంటే, అక్కడ వాల్వ్ మూసుకుంటూ వెనక్కి పోతుంటే పిస్టన్ దాన్ని తరుముకుంటూ పైకి వస్తుంది. స్పీడులో స్ప్రింగ్ ఒక్క క్షణం ఆలస్యం చేసినా పిస్టన్ అందుకుంటుంది. పైగా ఎగ్జాస్ట్ వాల్వ్ బాగా వేడెక్కి పొడవు సాగుతుంది. ఈ అంకెలకి లోపల వస్తే ఆ కామ్ వేయకూడదు. పిస్టన్‌లో వాల్వ్ గుంటలు లోతు చేయించడం వేరే పని, అది సెల్లార్‌లో అయ్యేది కాదు.

లిఫ్ట్ పెరిగింది కాబట్టి స్ప్రింగ్ కూడా చూడండి. వాల్వ్ పూర్తిగా తెరిచినప్పుడు స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోకూడదు, మొత్తం మీద ఒకటిన్నర ఎంఎం దాకా సందు మిగలాలి. స్ప్రింగ్ పైన ఉండే రిటైనర్, గైడ్ సీల్‌కి గుద్దుకోకూడదు. మా చిన్న కామ్‌కి అన్నీ నిలిచాయి. తమ్ముడు ముచ్చటపడిన పెద్ద కామ్ లిఫ్ట్ అంకెని అదే షీట్‌లో పెట్టి చూశాం, ఈ స్ప్రింగ్‌కే సరిపోలేదు. కామ్‌తో పాటు స్ప్రింగులు కూడా మార్చాల్సి వచ్చేది.

రెండో ఆదివారం బిగింపు. ముందు మళ్లీ తాడు కూర్చి అసలు స్ప్రింగులు వెనక్కి పెట్టేశాం. పిస్టన్ కంప్రెషన్ టాప్‌లో. గేర్ల మీద ఉన్న గుర్తులు ఎదురెదురుగా కలవాలి. ఒక్క పన్ను తప్పితే ఎంత తేడానో ఊహించండి. కామ్ గేర్‌కి 36 పళ్లు అనుకుంటే ఒక పన్ను అంటే కామ్ మీద 10 డిగ్రీలు. క్రాంక్ రెండు చుట్లకి కామ్ ఒక చుట్టు కాబట్టి, క్రాంక్ లెక్కలో 20 డిగ్రీలు. మీరు కొలిచిన ఖాళీ అంతా అక్కడే ఎగిరిపోతుంది. అందుకే గుర్తులు కలిపాక ఫోటో తీసుకోండి, తర్వాత డిగ్రీ వీల్‌తో ఇన్‌టేక్ ఎక్కడ తెరుస్తోందో, ఎక్కడ మూస్తోందో కామ్ కాగితంతో సరిపోల్చండి. క్రాంక్‌ని ఒకే దిశలో తిప్పండి, వెనక్కి తిప్పితే గేర్ల మధ్య వదులు వల్ల రీడింగ్ మారుతుంది.

కామ్ తీసేటప్పుడు ట్యాపెట్లు కిందికి జారకుండా పట్టుకోవాలి, ఏది ఏ వైపుదో కలిపేయకూడదు. కామ్ పక్కన పలచటి వాషర్ ఉంటే అది ఆయిల్‌కి కవర్‌కి అంటుకుని వచ్చేస్తుంది, చూసి తిరిగి అదే చోట పెట్టండి. లోబుల మీద, ట్యాపెట్ అడుగున అసెంబ్లీ లూబ్ దట్టంగా రాయండి. మొదటి కొన్ని క్షణాలు ఆయిల్ పైకి చేరేలోపు కాపాడేది అదే. ప్యాకింగ్ కొత్తది వేయండి. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, టార్క్ రెంచ్‌తో బిగించండి.

పుష్ రాడ్లు, రాకర్లు బిగించాక వెంటనే తిప్పకండి. ట్యాపెట్ నిండా ఆయిల్ ఉంటే వాల్వ్‌ని తెరిచి పట్టుకుని ఉంటుంది. టీ తాగి రండి. పావుగంటలో ఆయిల్ కారి వాల్వ్ కూర్చుంటుంది. తర్వాత టాప్ గేర్ వేసి, ప్లగ్ లేకుండా, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. క్రాంక్ నాలుగు చుట్లు పూర్తిగా తిరగాలి. ఎక్కడైనా గట్టిగా ఆగితే అక్కడే ఆపేయండి, బలం పెట్టొద్దు. ఆగకుండా తిరిగితే ఆయిల్ పోసి, ప్లగ్ లేకుండానే, ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసి, సెల్ఫ్‌తో కొన్ని సెకన్ల చొప్పున రెండు మూడుసార్లు తిప్పితే ఆయిల్ పైకి చేరుతుంది.

స్టార్ట్ చేశాక మొదట్లో టిక్ టిక్ అని చప్పుడు వస్తుంది, ట్యాపెట్లు నిండుతున్నాయి, కాసేపట్లో పోతుంది. పోకుండా పెరిగితే, లేదా గట్టిగా ఇనుము మీద ఇనుము కొట్టినట్టు వస్తే వెంటనే ఆపేయండి. కార్ల వీడియోల్లో చూసి కొత్త కామ్‌ని 2000 ఆర్పీఎంలో ఇరవై నిమిషాలు నిలబెట్టి నడపాలి అంటారు. గాలితో చల్లబడే ఇంజిన్‌ని సెల్లార్‌లో అలా నిలబెడితే కాలిపోతుంది. రెండు మూడు నిమిషాలు చూసి, లీకేజీ లేకపోతే రోడ్డెక్కండి, గాలి తగలనివ్వండి.

పెట్రోల్ సంగతి మిగిలింది. కామ్ మారిందని ఈసీయూకి ఎవరూ చెప్పరు. చిన్న కామ్ అయితే ఆక్సిజన్ సెన్సార్ చూసుకుని కొంతవరకు సర్దుకుంటుంది, అది కూడా తక్కువ థ్రాటిల్‌లోనే. ఫుల్ థ్రాటిల్‌లో గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైతే ఇంజిన్ వేడెక్కుతుంది. వైడ్‌బ్యాండ్ సెన్సార్ పెట్టి ఒకసారి చూపించుకోండి. కార్బ్యురేటర్ ఉన్న 350కి జెట్లు మార్చుకోవాలి. తమ్ముడి బండికి ఆ పని వచ్చే వారం ఉంది. అప్పటిదాకా వాణ్ణి 4000 దాటొద్దన్నాను, వాడికి అదేం కష్టం కాదు.

వంద కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ దింపి, ఫిల్టర్ మార్చాం. పాత ఫిల్టర్‌ని కోసి, మడతలు తెల్ల గుడ్డ మీద పరిచి, ఎండలో పెట్టి చూశాం. బూడిదరంగు నూగు కొంచెం ఉంటే భయం లేదు, ఎండలో మిలమిల మెరిసే రేకులు కనపడితే లోబ్ అరుగుతోందని అర్థం, మళ్లీ కవర్ విప్పాల్సిందే. మాకు కొంచెం నూగు మాత్రమే వచ్చింది. వైడ్‌బ్యాండ్ రీడింగులు, 350 జెట్టింగ్ నెక్స్ట్ ఎపిసోడ్‌లో. ఉంటాను మరి.